రోగి కోపానికి లెక్క చెప్పవలసింది ఎవరు?

మంచాన పడిన మనిషి ఇంట్లోవాళ్ళను నోటికొచ్చినట్లు తిడుతుంటే, ఒక్కోసారి దేవుణ్ణి కూడా వదలకుండా తిడుతుంటే, ఆ మాటలు అతని పాపాల లెక్కలో పడతాయా? వినడానికి చిన్న ప్రశ్నే. కానీ దీనికి జవాబు దొరకక లోలోపల కుమిలిపోతున్న కుటుంబాలు మన విచారణల్లో చాలా ఉన్నాయి. జబ్బు శరీరానికి వస్తే మందు తెస్తాం, పథ్యం పెడతాం, ప్రార్థన చేయిస్తాం. ఆ జబ్బు వెంబడి మనసుకు వచ్చే జబ్బును మాత్రం జబ్బుగా చూడం. దాన్ని మనిషి గుణంగా జమకడతాం. "ఆయన మొదటినుంచీ అంతేలే" అంటాం. లేదా "విశ్వాసం సన్నగిల్లింది" అంటాం. రెండూ తీర్పులే. తీర్పు చెప్పే అధికారం మనకెవరిచ్చారో ఎవరూ అడగరు.

మాట అటూ ఇటూ పోకుండా ఒక్క జబ్బునే తీసుకుందాం. పక్షవాతం. ఇది లేని వీధి లేదు కాబట్టి అందరికీ తెలుస్తుంది. బి.పి. మాత్రలు "బాగానే ఉంది కదా" అని మానేసిన మనిషి ఒక తెల్లవారుజామున లేవబోయి కూలిపోతాడు. ఆసుపత్రికి పరుగెత్తవలసిన మొదటి గంటల్ని కొందరు పసరు వైద్యానికీ, పావురం రక్తం పూయించడానికీ పోగొట్టుకుంటారు. (ఈ సంగతి మీద వేరే వ్యాసమే రాయాలి.) ప్రాణం దక్కుతుంది. కుడి చెయ్యి, కుడి కాలు రావు. మాట రాదు, వచ్చినా ముద్దముద్దగా వస్తుంది. మొదటి నెల బంధువులు వస్తారు, పండ్లు తెస్తారు. ఉపదేశిగారు, మరియ సేన సభ్యులు వచ్చి జపమాల చెబుతారు. ఆరు నెలలకు ఆ ఇంటి గడప తొక్కేవాళ్ళు తగ్గిపోతారు. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది.

నలభై ఏళ్ళు బడిలో పాఠం చెప్పిన మాస్టారు ఇప్పుడు నీళ్ళ గ్లాసు కావాలన్నా ఆ మాట నోట పలకలేడు. అవతలివాళ్ళు పలికేది మాత్రం అంతా అర్థమవుతుంది. మెదడు ఎడమ భాగం దెబ్బతిన్న చాలామందిలో జరిగేది ఇదే: వినికిడి ఉంటుంది, తెలివి ఉంటుంది, మాట దారిలో ఆగిపోతుంది. ఆయన ముందే కూర్చుని ఆయన మందుల ఖర్చు గురించీ, అమ్మవలసిన పొలం గురించీ మాట్లాడుకుంటారు, ఆయనకు తెలియదనుకుని. ఆయన పళ్ళెం విసిరికొడతాడు. "చూశారా ఎంత మొండితనమో" అంటారు. ఆ పళ్ళెం ఆయన చెప్పదలచుకున్న ఒక వాక్యం అని ఎవరికీ తోచదు.

ఇంకో విచిత్రం ఉంది. మనవడు వచ్చి ముద్దు పెట్టుకుంటే బోరున ఏడుస్తాడు. ఎవరో చనిపోయారన్న కబురు వింటే పకపక నవ్వుతాడు. ఇంట్లోవాళ్ళకు సిగ్గు, భయం. "పిచ్చి పట్టిందేమో" అని గుసగుసలు. వైద్యులకు ఇది బాగా తెలిసిన విషయం. ఏడుపునూ నవ్వునూ అదుపులో ఉంచే నరాల దారులు దెబ్బతిన్నప్పుడు లోపలి భావంతో పనిలేకుండానే అవి పైకి వచ్చేస్తాయి. ఆ ఏడుపులో దుఃఖం ఉండనక్కరలేదు, ఆ నవ్వులో సంతోషం ఉండదు. దీనికి మందులున్నాయి. అడిగితేనే కదా డాక్టరు రాసేది!

వీటన్నిటికంటె పెద్దది కుంగుబాటు. పక్షవాతం వచ్చిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఈ కుంగుబాటులో పడతారని ఎన్నో దేశాల వైద్యుల అనుభవం. చెయ్యి పోయినందుకు బాధ సహజమే, కానీ ఇది అంతకంటె వేరు. నిద్ర పట్టదు, అన్నం సహించదు, ఇష్టమైన పాట కూడా చెవికెక్కదు, "నేను పోతే అందరికీ సుఖం" అన్న ఆలోచన తిరుగుతూనే ఉంటుంది. కొందరిలో ఇది దుఃఖంగా కాక చిరాకుగా, కోపంగా బయటపడుతుంది. ముఖ్యంగా మన మగవాళ్ళలో. ఏడవడం నామోషీ అని చిన్నప్పటినుంచీ నేర్పాం కదా, ఇక వాళ్ళకు మిగిలింది అరవడమే. గుండెపోటు వచ్చినవారిలో, డయాలిసిస్ మీద బతుకు ఈడుస్తున్నవారిలో, క్యాన్సరు వచ్చినవారిలో కూడా ఇదే కథ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి కిడ్నీలు పోయిన కుటుంబాలున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, సంతోషం. తండ్రి తర్వాత తన వంతు ఎప్పుడో అని చూస్తూ పెరిగే కొడుకు గుండెలోని భయానికి మాత్రం ఏ యంత్రం అమర్చగలం?

మనసు వేరు, శరీరం వేరు అని మనం సులువుగా విడగొడతాం. అవి అంత విడిగా లేవని చూపించిన సంఘటన ఒకటి 1952లో అమెరికాలో, న్యూయార్కు నగరపు సీ వ్యూ ఆసుపత్రిలో జరిగింది. అది క్షయరోగుల ఆసుపత్రి. క్షయ క్రిములను చంపడానికి ఒక కొత్త మందు ఇచ్చి చూశారు. ఊపిరితిత్తుల మాట అలా ఉంచండి, ఏళ్ళ తరబడి మంచానికి అతుక్కుపోయిన రోగులు లేచి నవ్వడం, ఆకలని అడగడం, వరండాలో ఆడిపాడడం మొదలుపెట్టారు. ఆ మందునుంచే కుంగుబాటుకు మొదటి మాత్రలు పుట్టాయి. దీనికి ఉల్టాగా, క్షయకు వాడే కొన్ని మందులు కొందరు రోగుల మనసును తలకిందులు చేయడమూ ఉంది. ఒక మాత్ర మనిషిని నవ్వించగలిగితే, ఇంకొక మాత్ర మనిషికి లేనిపోని భయాలు పుట్టించగలిగితే, మంచం మీది మనిషి ప్రతి మాటకూ అతని ఆత్మనే నిందించడం ఎంతవరకు న్యాయం?

ఇక్కడ మన శ్రీసభ బోధ ఏమిటో సరిగా తెలుసుకోవాలి. చాలామంది దాన్ని తామే కఠినం చేసుకుని భయపడుతున్నారు. మనిషి చేసేదంతా మానవ క్రియ కాదని మన నీతిశాస్త్రం ఎప్పటినుంచో చెబుతోంది. తెలిసి, ఇష్టపడి చేసినదే లెక్కకు వస్తుంది. నిద్రలో కాలు తగిలితే తన్నడం కాదు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 1735వ పేరాలో, భయం, అలవాటు, మానసిక కారణాలు మనిషి బాధ్యతను తగ్గించగలవనీ, కొన్నిసార్లు పూర్తిగా తీసివేయగలవనీ చెప్పారు. కోపం, దుఃఖం వంటి ఉద్రేకాలు వాటంతట అవే పుణ్యమూ కావు, పాపమూ కావు అని ఇంకొకచోట చెప్పారు. జబ్బు మనిషిని ఆందోళనకూ, తనలోకి తాను ముడుచుకుపోవడానికీ, ఒక్కోసారి నిరాశకూ, దేవుని మీద తిరుగుబాటుకూ కూడా తీసుకుపోగలదని 1501వ పేరా దాచకుండా ఒప్పుకుంటుంది. వేదగురువులు రాసుకున్నంత స్పష్టంగా మన వీధి అరుగుల మీద ఎవరూ మాట్లాడరు.

ఈ దారిలో శ్రీసభ కూడా నడిచే వచ్చింది. 1917 నాటి శ్రీసభ చట్టంలో బుద్ధిపూర్వకంగా ప్రాణం తీసుకున్నవారికి క్రైస్తవ భూస్థాపన లేదని రాసి ఉండేది. మతి చలించినవారికి అది వర్తించదని గురువులకు తెలిసినా, ఎన్ని ఊళ్ళలో ఎందరిని సమాధుల గోడ అవతల పాతిపెట్టారో పెద్దవాళ్ళనడిగితే చెబుతారు. 1983 చట్టంలో ఆ మాట లేదు. తీవ్రమైన మానసిక వ్యథ, కష్టభయం ఆ మనిషి బాధ్యతను తగ్గిస్తాయని సత్యోపదేశం 2282వ పేరా చెబుతుంది. ఆత్మహత్య తప్పు అన్న బోధ మారలేదు, ఆ మనిషి మీద మనం వేసే ముద్ర మారింది. మన దేశపు చట్టమూ ఆలస్యంగానైనా అదే దారి పట్టింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే ముందుగా భావించాలని చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో ఆ పాత 309వ సెక్షనుకు చోటు దక్కలేదు.

అయితే ఇంతటితో ఆగితే రోగికి ఇంకొక అన్యాయం చేసినవాళ్ళమవుతాం. "ఆయన ఏం చేసినా ఆయనకేం తెలుసు పాపం, మెదడు పోయింది" అని వదిలేయడం దయలాగా కనిపిస్తుంది. అది మనిషిని మనుషుల లెక్కలోంచి తీసేయడమే. 1848లో అమెరికాలో ఫినియస్ గేజ్ అనే రైల్వే పనుల మేస్త్రీ ఉండేవాడు. బండను పేల్చే మందు పేలి, మూడున్నర అడుగుల ఇనుప గడ్డపార అతని చెంప కిందినుంచి దూరి నడినెత్తిలోంచి బయటికి పోయింది. ఆశ్చర్యం, బతికాడు. నెమ్మదస్తుడు కాస్తా నోటి దురుసు మనిషిగా మారాడని అతనికి వైద్యం చేసిన డాక్టరు రాశాడు. పుస్తకాల్లో కథ ఇక్కడితో ఆపేస్తారు. ఆ తర్వాత అతను దక్షిణ అమెరికాలోని చిలీ దేశానికి పోయి, కొన్నేళ్ళపాటు గుర్రపు బండి తోలి బతికాడు. రోజూ ఒకే వేళకు లేవడం, గుర్రాలను కట్టడం, ప్రయాణికులతో మర్యాదగా ఉండడం. పోయిందనుకున్న మనిషి కొంతవరకు తిరిగి వచ్చాడని తర్వాతి పరిశోధకులు కొందరు అంటారు. ఒక పని, ఒక వేళ, తన మీద ఆధారపడిన నాలుగు ప్రాణులు. అతనికి ఇవి దొరికాయి. మన మంచాల మీదివాళ్ళకు మనం ఇస్తున్నదేమిటి? గోడ వైపు తిప్పిన మంచం, రోజంతా మోగే టి.వి.

కాబట్టి రోగికి స్వేచ్ఛ మిగలలేదనడం నిజం కాదు, నిండుగా ఉందనడమూ నిజం కాదు. వానాకాలంలో మబ్బుల మధ్య ఎండ వచ్చినట్లు, ఆయనకు కాస్త నెమ్మది వచ్చే వేళలుంటాయి. పొద్దున్నే కావచ్చు, స్నానం చేయించిన తర్వాత కావచ్చు. ఆ వేళ ఆయన భార్య చెయ్యి పట్టుకుని కళ్ళతోనైనా క్షమించమని అడగగలడు. నా ఉద్దేశంలో ఆయన లెక్క చెప్పవలసింది ఆ వేళకే, రాత్రి రెండు గంటలకు అరిచిన అరుపుకు కాదు. ఆ కాస్త స్వేచ్ఛను ఆయననుంచి లాక్కోకూడదు. మందు ఇప్పుడా, కాసేపాగా అని అడగండి. చొక్కా ఏది వేసుకుంటావని అడగండి. జబ్బుకు ముందే భార్యను కొట్టే అలవాటున్న మనిషి విషయం వేరు. అతను జబ్బును అడ్డం పెట్టుకోవడమూ ఉంటుంది. ఇంట్లోవాళ్ళకు ఆ తేడా తెలుస్తుంది, బయటివాళ్ళకు తెలియదు. అందుకే బయటివాళ్ళు నోరు కట్టుకోవడం మంచిది.

నోరు కట్టుకోవడంలో మనకంటె యోబు స్నేహితులే నయం. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు వాళ్ళు మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచిన తర్వాతనే చెడిపోయారు. నువ్వేదో పాపం చేసి ఉంటావు, లేకపోతే ఇన్ని కష్టాలెందుకు అన్నారు. యోబు పుట్టిన రోజును శపించుకున్నాడు, దేవుణ్ణి న్యాయస్థానానికి రమ్మన్నాడు. గ్రంథం చివర దేవుడు కోపపడింది మాత్రం దేవుని తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీద. అరిచిన యోబే సరిగా మాట్లాడాడని దేవుడు అన్నాడు. మన ప్రార్థన కూటాల్లో ఈ చివరి అధ్యాయం ఎంత తక్కువగా చదువుతామో! యోబు భార్యను కూడా అందరూ తిట్టేవారే. చనిపోయిన పదిమంది బిడ్డలు ఆమెకూ బిడ్డలేనన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఏలీయా ప్రవక్త సంగతి చూడండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం తర్వాత, రాణి బెదిరింపుకు హడలి ఎడారిలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి ఉపదేశం చేయలేదు. నీ విశ్వాసం ఏమైందని నిలదీయలేదు. వేడి రాళ్ళ మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్ళు పెట్టి, లేచి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినిపించాడు. మాటలు హోరేబు కొండ చేరిన తర్వాత, నలభై రోజులకు. దుఃఖానికి మందు చెబుతూ పునీత తోమా అక్వినాసుగారు కన్నీళ్ళు, స్నేహితుల సానుభూతి, సత్యధ్యానంతోపాటు నిద్రనూ స్నానాన్నీ కూడా చేర్చారు. అంత పెద్ద వేదపండితుడికి వేడినీళ్ళ స్నానం గురించి రాయడం చిన్నతనం అనిపించలేదు.

"నీ బాధను ప్రభువుకు ఒప్పగించు" అని రోగికి చెప్పడం మనకు అలవాటు. ఆ మాట మంచిదే, కానీ అది రోగి తనంతట తాను చెప్పుకోవలసిన మాట. మంచం పక్కన నిలబడిన ఆరోగ్యవంతుడు చెబితే అది నోరు మూసుకో అన్నట్లు వినిపిస్తుంది. రెండవ జాన్ పాల్ పోపుగారు 1984 ఫిబ్రవరి 11న బాధను గురించి రాసిన అపొస్తలిక లేఖలో, క్రీస్తు మనకు రెండు నేర్పాడని చెప్పారు: మన బాధతో మేలు చేయడం, బాధపడేవారికి మేలు చేయడం. మొదటిదాన్ని రోగులకు ప్రసంగించి, రెండోదాన్ని మనం మరిచిపోతున్నాం. లిస్యూ పునీత చిన్న తెరేజమ్మ క్షయతో 24 ఏళ్ళకే, 1897 సెప్టెంబరు 30న చనిపోయింది. చివరి ఏడాదిన్నర ఆమె మనసులో పరలోకం గురించి అంధకారమే మిగిలింది. విశ్వాసమే లేకపోతే ప్రాణం తీసుకునేదాన్నని తన అక్కచెల్లెళ్ళతో అంది. ఇలాంటి నొప్పి ఉన్నవాళ్ళ దగ్గర విషపు మందులు ఉంచకండని హెచ్చరించింది. ఆమెను మనం గులాబీలతో బొమ్మ వేస్తాం. ఆమె మందు సీసాల గురించి చెప్పిన మాట కూడా బొమ్మ కింద రాసి ఉంటే కొన్ని ప్రాణాలు మిగిలేవేమో.

ఇక ఆ ఇంట్లో రెండో రోగి గురించి. ఆమెకు చీటీ రాసిచ్చే డాక్టరు లేడు. మలమూత్రాలెత్తి, బట్టలుతికి, రాత్రుళ్ళు నాలుగుసార్లు లేచి, తిట్లు తిని, మళ్ళీ పొద్దున్నే పొయ్యి వెలిగించే ఇల్లాలు. ఒక రాత్రి ఆమెకు "ఈయన వెళ్ళిపోతే బాగుండు" అనిపిస్తుంది. వెంటనే గుండె ఝల్లుమంటుంది. దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి కూడా వెనుకాడుతుంది. చుట్టుపక్కలవాళ్ళు "ఓపిక పట్టమ్మా, ప్రభువు పరీక్షిస్తున్నాడు" అంటారు. అమ్మా, ఒళ్ళు పులిసిపోయి నిద్రలేని బుర్రలో తటాలున పుట్టిన ఆలోచన ఒకటి, దాన్ని కూర్చోబెట్టి మర్యాద చేసి సరేననడం ఇంకొకటి. మొదటిది అలసట. అలసటకు పాపసంకీర్తనం కంటె ముందు కావలసింది ఆరు గంటల నిద్ర. గురువుల దగ్గరకు వెళ్ళడం మంచిదే, వెళ్ళండి. వారూ ఇదే అంటారని నా నమ్మకం. రోగిని చూసుకునే కుటుంబసభ్యులు కూడా కుంగుబాటులో పడతారని వైద్యులు పదేపదే చెబుతున్నారు. కొన్ని ఇళ్ళలో రోగి కంటె ముందు ఆమే రాలిపోతుంది.

చేయవలసినవి పెద్ద పనులు కావు. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు చెయ్యి ఎంత లేస్తోందో చెప్పినట్లే, నిద్ర, ఏడుపు, కోపం గురించీ చెప్పాలి. చావు మాట ఎత్తితే దాన్ని బెదిరింపుగా తీసుకోకూడదు, ఆ రోజే చెప్పాలి. కుంగుబాటుకిచ్చే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి నాలుగు రోజులకే పారేయకూడదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ అనే సేవకు 14416 నంబరుకు రాత్రీ పగలూ ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకుపోతే కూతురి పెళ్ళి చెడుతుందన్న భయం ఇంకా ఉంది. ఆ భయం మూలంగా ఒక తండ్రిని పోగొట్టుకున్న ఇంటికి పెళ్ళి సంబంధాలు సులువుగా వస్తాయా?

వ్యాధిగ్రస్తుల అభ్యంగనాన్ని ఇప్పటికీ కొందరు "అవస్థాభ్యంగనం" అనే అంటారు, స్వాములవారు నూనె తీసుకుని గడప దాటితే ఇక రోజులు దగ్గరపడ్డాయని ఏడుస్తారు. అది చావుబతుకుల్లో ఉన్నవారికి మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది. జబ్బు మళ్ళీ ముదిరితే మళ్ళీ పొందవచ్చు. తీవ్రమైన జబ్బుతో వచ్చే అధైర్యాన్నీ ఆందోళననూ తట్టుకునే బలం, శాంతి ఇవ్వడం దాని మొదటి వరాల్లో ఒకటని సత్యోపదేశం చెబుతుంది. అంటే శ్రీసభ ఆ నూనెను మనసుకు కూడా పూస్తోంది. రోగికి మాట రాకపోయినా ఫరవాలేదు. గురువులు ఆయన పేరు పెట్టి పిలిచి, ఆయన అర్థం చేసుకుంటున్నాడని ఎరిగి, నెమ్మదిగా ప్రార్థన చెబితే ఇంట్లోవాళ్ళు కూడా ఆయనతో అలాగే మాట్లాడడం నేర్చుకుంటారు.

ఆదివారం పూజకు రాలేని ఇళ్ళ జాబితా విచారణ గురువుల దగ్గర ఉండే ఉంటుంది. దివ్యసత్ప్రసాదం తీసుకువెళ్ళేవారు ఆ ఇళ్ళకు వెళ్తూనే ఉంటారు. వారితోపాటు చిన్న క్రైస్తవ సమాజంనుంచి ఇంకొకరు వెళ్ళి, ఆ రెండు గంటలు మాస్టారి పక్కన కూర్చుంటే, ఆ ఇల్లాలు ఏడాది తర్వాత గుడికి రాగలుగుతుంది. కూర్చున్నవారు ఏమీ బోధించనక్కరలేదు. పళ్ళెం విసిరితే తీసి పక్కన పెట్టి, ఆయన ఏమంటున్నాడో కనుక్కోవడానికి ప్రయత్నించాలి. బహుశా కిటికీ తెరవమంటున్నాడేమో.